ఇంట్లో సిగ్నల్ అందదా? కొత్త ఫోన్ కొనే ముందు ఇల్లు కొలవండి

"అన్నా, మా ఇంట్లో సిగ్నల్ నిలవదు. ఏ ఫోన్ కొంటే వస్తుంది?" చందంపేట, దిండి, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. గుట్టల నీడలో ఉన్న ఊళ్ల వాళ్లు, నల్లమల అంచున ఉన్నవాళ్లు, రాతిగోడల ఇళ్ల వాళ్లు అందరూ అడుగుతున్నారు. నల్లగొండ పట్టణంలోనే లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట వెనక ఉన్నవాళ్లూ అడిగారు. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఫోన్ సిగ్నల్‌ను పుట్టించదు. మీ ఇంటిదాకా వచ్చినదాన్ని పట్టుకుంటుంది, అంతే. కాబట్టి మొదట ఇల్లు కొలవాలి, అంటే ఇంట్లో ఏ చోట ఎంత సిగ్నల్ ఉందో చూడాలి. తర్వాత సిమ్ తేల్చుకోవాలి, ఫోన్ ఆ తర్వాత. చాలామంది ముందు ఫోన్ కొని తర్వాత బాధపడతారు.

మా అమ్మ కోసం నేనూ అలాగే 18 వేలు పెట్టి కొన్నాను. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో దుకాణం ముందు నిలబడి చూస్తే గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఊళ్లో మా రాతిగోడల వంటింట్లోకి వెళ్లేసరికి పాత ఫోన్ ఎంత చూపించేదో ఇదీ అంతే చూపించింది. ఆ వారమే అమ్మకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఎన్నిసార్లు చేసినా కలవలేదు. మూడో రోజు బస్సెక్కి వెళ్తే, మంచంలోంచి లేవకుండానే "ఫోన్ మోగనే లేదు బిడ్డా, పనిలో ఉన్నావనుకున్నాను" అంది. ఫోన్ ఆమె తలగడ పక్కనే ఉంది. నేను కొలవడం మొదలుపెట్టింది ఆ రోజే.

పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలన్నా, బ్యాంకు పని కావాలన్నా, ఆధార్ పని కావాలన్నా ఓటీపీ రావాలి. ఇంట్లో సిగ్నల్ లేకపోవడం ఈ రోజుల్లో చిన్న ఇబ్బంది కాదు. అందుకే కాస్త ఓపికగా చేయమంటున్నాను.

ఏమేమి కావాలి

ఇప్పుడు మీ దగ్గరున్న 4జీ స్మార్ట్‌ఫోన్ ఒకటి, పాతదైనా సరే. ఇరుగుపొరుగు వాళ్ల దగ్గరున్న వేరే కంపెనీల సిమ్‌లు, కనీసం రెండు రకాలు. సిమ్ ట్రే తీసే పిన్ను. ఒక నోటు పుస్తకం. పొద్దున అరగంట, రాత్రి అరగంట తీరిక. ఇంతకు మించి పైసా ఖర్చు లేదు.

1. గీతలు చూడకండి, అంకె చూడండి

ఫోన్ పైభాగాన కనిపించే గీతలకు ఒక కొలత అంటూ లేదు. ఒక కంపెనీ ఫోన్ మూడు గీతలు చూపించే చోట ఇంకో కంపెనీది రెండే చూపిస్తుంది. అసలు కొలత డీబీఎం అనే అంకె.

ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ అనే వరుసలో వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ దగ్గర ఈ అంకె ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఈ దారి కనిపించదు. అప్పుడు డయల్ చేసే చోట *#*#4636#*#* కొట్టి చూడండి. ఐఫోన్ అయితే *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి. ఇవేవీ కుదరకపోతే ప్లే స్టోర్‌లో నెట్‌మాన్‌స్టర్ అనే యాప్ దొరుకుతుంది. లొకేషన్ ఆన్ చేసి, అనుమతి ఇస్తేనే అది పనిచేస్తుంది. అంకెతో పాటు ఏ బ్యాండ్ మీద (అదేమిటో నాలుగో మెట్టులో చెబుతాను) ఉన్నారో కూడా చెబుతుంది కాబట్టి నేను దాన్నే వాడతాను.

అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. సున్నాకు దగ్గరైన కొద్దీ మంచిది. 4జీలో నేను పెట్టుకున్న లెక్క ఇది:

మైనస్ 90 కంటే మెరుగ్గా ఉంటే దిగులు లేదు.
మైనస్ 90 నుంచి 105 వరకు మాటలకు ఇబ్బంది ఉండదు.
మైనస్ 105 నుంచి 115 మధ్య మాట తెగుతుంది, ఓటీపీ ఆలస్యమవుతుంది.
మైనస్ 115 దాటితే ఆ చోటును నమ్ముకోకండి.

ఈ అంకెల్లో 10 తేడా వస్తే సిగ్నల్ బలం పది రెట్లు మారినట్టు. 3 తేడా అంటే సగం. మైనస్ 108, మైనస్ 118 పక్కపక్కన చూస్తే దగ్గరగానే అనిపిస్తాయి కానీ రెండోది మొదటిదానిలో పదో వంతే.

జాగ్రత్త: 2జీలో చూపే అంకెను 4జీ అంకెతో పోల్చకండి. కొలిచే పద్ధతే వేరు. కొలిచేటప్పుడు ఫోన్ ఏ జీ మీద ఉందో పక్కనే రాసుకోండి.

2. ఇల్లంతా తిరిగి కొలవండి

ఐదు చోట్లు ఎంచుకోండి. మీరు పడుకునే మంచం, వంటిల్లు, కిటికీ పక్కన, వాకిలి, డాబా మీద పిట్టగోడ దగ్గర. ప్రతి చోట ఫోన్ కదపకుండా అర నిమిషం ఆగి అంకె రాయండి. కింది అంచును గుప్పిట మూయకండి, చాలా ఫోన్లలో యాంటెనాలు అక్కడే ఉంటాయి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి. ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళ రాత్రే. అప్పుడు అంకె బాగున్నా నెట్ నత్తనడక నడుస్తుంటే తప్పు ఫోన్‌ది కాదు, టవర్ మీద రద్దీది.

మా ఇంట్లో ఒకే సిమ్, ఒకే ఫోన్‌తో వచ్చిన అంకెలు ఇవి. పిట్టగోడ దగ్గర మైనస్ 91. వాకిట్లో మైనస్ 99. కిటికీ పక్క గూట్లో మైనస్ 104. వంటింట్లో మైనస్ 118. పిట్టగోడకూ వంటింటికీ మధ్య నడిస్తే పదిహేను అడుగులు లేవు. తేడా 27. అదే వంటింట్లో నాలుగు రకాల ఫోన్లు పెట్టి చూశాను. వాటి మధ్య తేడా ఐదారు దాటలేదు. ఫోన్ మార్చినందుకు వచ్చేది ఇంత, చోటు మార్చినందుకు వచ్చేది అంత. పన్నెండు వేల ఫోనా, నలభై వేల ఫోనా అని తలపట్టుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

గోడలను కూడా చూడండి. రాతిగోడ, ఇనుప చువ్వలున్న స్లాబు సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి. జింకు రేకుల కప్పు మరీ కష్టం, రేకు లోహం కాబట్టి తిప్పికొడుతుంది. సిమెంటు రేకులు, పెంకుల కప్పు అంత అడ్డం పడవు. టవర్ ఏ దిక్కున ఉందో తెలిస్తే ఆ వైపు కిటికీయే మీ ఇంట్లో బంగారం లాంటి చోటు.

ఇంకొక సంగతి. కరెంటు పోయిన గంటా రెండు గంటల తర్వాత ఊరంతటికీ సిగ్నల్ పోతుంటే అది టవర్ బ్యాటరీ అయిపోవడం వల్ల. దానికి ఏ ఫోనూ మందు కాదు. 198కి ఫోన్ చేసి మీ కంపెనీకి ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. నలుగురు కలిసి పెడితే ఇంకా మంచిది.

3. ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో తేల్చండి

ఇప్పుడు అదే ఫోన్లో పక్కింటివాళ్ల సిమ్ వేసి అవే ఐదు చోట్లు మళ్లీ కొలవండి. ఫోన్ మారకూడదు, సిమ్ మాత్రమే మారాలి. లేకపోతే తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

పదిమందిలో ఆరేడుగురి సమస్య ఇక్కడే తీరిపోవడం నేను చూశాను. కొత్త ఫోన్ అవసరమే రాలేదు. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో వెళ్లినవాళ్లకు తెలుసు, ఒకరి ఫోన్ మూగబోయిన చోట పక్కవాడి ఫోన్ మోగుతుంది.

తెర మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వస్తే చాలామంది ఫోన్ పాడైందనుకుంటారు. మీ కంపెనీ టవర్ అందడం లేదు, వేరే కంపెనీది అందుతోంది అని చాలాసార్లు దాని అర్థం. సిమ్ మార్చి చూడమని ఫోన్ తానే చెబుతున్నట్టు.

కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ పటాలు (ఎక్కడెక్కడ సిగ్నల్ ఉందో చూపేవి) పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఊరి పేరు వెతికి చూడవచ్చు. అయితే ఆ పటానికి మీ గోడల మందం తెలియదు. పటంలో రంగు లేకపోతే ఆశ వదులుకోండి. రంగు ఉంటే మాత్రం ఇంటికొచ్చి కొలవాల్సిందే.

అడవి అంచు ఊళ్లవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ప్రభుత్వ నిధులతో కట్టిన 4జీ టవర్లను వేరే కంపెనీల వినియోగదారులూ వాడుకునే ఏర్పాటును 2025 జనవరిలో ప్రారంభించారు. మీ దగ్గరి టవర్ అలాంటిదైతే, సెట్టింగ్స్‌లో రోమింగ్ ఆన్ చేసి ఉంచినప్పుడే నెట్ అందుతుంది. రోమింగ్ అంటే డబ్బులు పోతాయని ఆపేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మన దేశం లోపల దానికి అదనపు చార్జీ లేదు, ఆన్ చేసి చూడండి.

జాగ్రత్త: బాగున్న కంపెనీ దొరికిందని వెంటనే నంబర్ పోర్ట్ చేయకండి (అంటే అదే నంబర్‌తో ఆ కంపెనీకి మారిపోకండి). ఒకసారి పోర్ట్ చేస్తే 90 రోజుల దాకా మళ్లీ మారలేరు. ఆ కంపెనీ కొత్త సిమ్ ఒకటి తీసుకుని నెల రోజులు రెండో సిమ్‌గా వాడి చూడండి. నచ్చితే అప్పుడు 1900కి సందేశం పంపి పోర్ట్ చేసుకోవచ్చు. సిమ్ కార్డు మార్చి ఏడు రోజులు కాకపోతే పోర్ట్ కోడ్ ఇవ్వరు, అదీ గుర్తుంచుకోండి.

సిమ్ 3జీ కాలం నాటిదైతే ముందు దాన్నే మార్పించండి. ఆ పాత సిమ్‌తో 4జీ పట్టుకోదు. కొత్త సిమ్ వేశాక ఒక రోజు వరకు ఎస్సెమ్మెస్‌లు నిలిపివేస్తారు, ఓటీపీ పని ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి.

4. బ్యాండ్లు: రెండు నిమిషాలు చాలు

బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే దారి. మెగాహెర్ట్జ్ అంకె ఎంత తక్కువైతే సిగ్నల్ అంత దూరం వస్తుంది, గోడల్లోంచి అంత బాగా దూరుతుంది. పెద్ద చెరువులో తూము ఎక్కడుందో తెలిస్తే చాలు, చెరువంతా ఈదనక్కర్లేదు. మనకు కావలసినవి ఇవే:

జియో 4జీ: బ్యాండ్ 5 (850 మెగాహెర్ట్జ్) దూరం వస్తుంది. 3, 40 కూడా వాడుతుంది.
ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా) 4జీ: బ్యాండ్ 8 (900) దూరం వస్తుంది. 3, 1 కూడా ఉంటాయి.
బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ: బ్యాండ్ 28 (700) దూరం వస్తుంది. బ్యాండ్ 1 కూడా ఉంటుంది.

మన దేశంలో అమ్మే దాదాపు ప్రతి ఫోన్లో 1, 3, 5, 8, 40 ఉంటాయి. కాబట్టి మొదటి మూడు కంపెనీల సిమ్‌లు వాడేవాళ్లు బ్యాండ్ల గురించి ఎక్కువ దిగులు పడనక్కర్లేదు.

దెబ్బతినేది బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు. 2025 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించిన వాళ్ల 4జీలో దూరం వచ్చేది బ్యాండ్ 28. చవక ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. ఇంకా తిరకాసు ఏమిటంటే, 5జీ ఫోన్ వివరాల్లో ఎన్28 అని రాసి ఉంటుంది. అది 5జీ బ్యాండ్. 4జీ వరుసలో బి28 అని విడిగా ఉండాలి. ఎన్28 చూసి మురిసిపోయి కొనుక్కొచ్చి, సిమ్ వేశాక తలుపు దగ్గరికి పరుగెత్తేవాళ్లను చూశాను. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీలోకి వెళ్లి, నెట్‌వర్క్ అనే చోట 4జీ వరుస, 5జీ వరుస వేర్వేరుగా చదవండి. అమ్మేవాడి మాట మీద పోకండి.

5జీ సంగతి. జియో 5జీలో ఎన్28 ఉంది, అది గోడల్లోంచి కాస్త వస్తుంది. ఎన్78 అనేది 3300 మెగాహెర్ట్జ్ పైమాట, రాతిగోడ ముందు నిలవదు. ఇంట్లో సిగ్నల్ కోసం మాత్రమే అయితే 5జీకి అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను. ఇష్టమైన ఫోన్లో అది ఎలాగూ ఉంటే కాదనను.

విదేశంలో ఉన్న బిడ్డ పంపిన ఫోన్, దుబాయి నుంచి తెచ్చిన ఫోన్ అయితే బ్యాండ్లు తప్పక చూడండి. అక్కడి మోడల్‌లో మన బ్యాండ్ ఉండకపోవచ్చు. బ్యాండ్ ఉన్నా మన కంపెనీల వోల్టీ (4జీ మీదుగా మామూలు కాల్ వెళ్లే ఏర్పాటు), వైఫై కాలింగ్ పనిచేయకపోవచ్చు. జియోలో 2జీ, 3జీ అసలే లేవు, వోల్టీ లేకపోతే మామూలు కాల్ వెళ్లనే వెళ్లదు.

5. వైఫై కాలింగ్: నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే

ఇంట్లో సిగ్నల్ లేని వాళ్లకు నా గట్టి సలహా ఇది. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే ముందు వైఫై కాలింగ్ ఉందా అని అడగండి. ఇది ఉంటే మీ మామూలు నంబర్‌కు వచ్చే కాల్ టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా మోగుతుంది. అవతలివాళ్లు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్ నుంచి చేసినా సరే. వాట్సాప్ కాల్ లాంటిది కాదు ఇది. మామూలు కాలే, అదనపు చార్జీ లేదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి.

ఊళ్లోకి ఫైబర్ వచ్చి ఉంటే దారి సులువు. ఫైబర్ రాకపోయినా డాబా మీద 5జీ అందుతుంటే ఎయిర్‌ఫైబర్ రకం కనెక్షన్ పనికొస్తుంది. పైన ఒక డబ్బా సిగ్నల్ పట్టుకుంటుంది, కింద ఇంట్లో వైఫై వస్తుంది.

ఈ రెండూ లేనివాళ్లకు, నెలనెలా డబ్బు కట్టలేనివాళ్లకు నేను ఎక్కువగా చేయించే ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఇంట్లో మూలపడ్డ పాత స్మార్ట్‌ఫోన్ తీయండి. డాబా మీద లేదా కిటికీ దగ్గర ఏ కంపెనీ బాగా అందుతుందో ఆ సిమ్ దానిలో వేయండి. మంచి అంకె వచ్చిన కిటికీ గూట్లో పెట్టి చార్జర్ తగిలించి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. లోపల మీ కొత్త ఫోన్ ఆ హాట్‌స్పాట్‌ను వైఫైగా పట్టుకుని వైఫై కాలింగ్ చేస్తుంది. గూట్లో ఒక కంపెనీ సిమ్, చేతిలోని ఫోన్లో వేరే కంపెనీ సిమ్ అయినా పనిచేస్తుంది. మాటలకు డేటా చాలా తక్కువ, నిమిషానికి ఒక ఎంబీ లోపే.

మా అమ్మ ఇంట్లో ఇప్పుడున్నది ఇదే. దేవుడి గూటి పక్కనున్న చిన్న గూట్లో పాత ఫోన్, దాని కింద మడతపెట్టిన గుడ్డ, గోడకు మేకు కొట్టి వైరు. దీపం పెట్టేటప్పుడు పచ్చ లైటు వెలుగుతోందో లేదో అమ్మే చూసుకుంటుంది.

జాగ్రత్త: ఎవరూ కలవకపోతే హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తీసేయండి. ఎండ తగిలే చోట పెట్టకండి, మన వేసవిలో ఫోన్ బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినట్టు కనిపిస్తే ఆ క్షణమే చార్జర్ తీసేయండి. వాన జల్లు పడే కిటికీ దగ్గర చార్జర్ వద్దు. రూటర్ వాడేవాళ్లు కరెంటు పోతే వైఫై కూడా పోతుందని మరవకండి. 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ దొరుకుతుంది, మీ రూటర్ అడుగున రాసిన వోల్టులు చూసి కొనండి.

6. ఇప్పుడు ఫోన్ ఎంచుకోండి

ఇంతవరకూ చేశాక దుకాణంలో చూడవలసింది కొంచెమే మిగులుతుంది. మీ సిమ్ కంపెనీ వెబ్‌సైట్‌లో వైఫై కాలింగ్ పనిచేసే మోడళ్ల జాబితా ఉంటే అందులో మీ మోడల్ వెతకండి. తర్వాత బ్యాండ్లు. తర్వాత బ్యాటరీ. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోన్ గట్టిగా అరిచినట్టు ఎక్కువ శక్తితో టవర్‌కు జవాబిస్తుంది, అందుకే అక్కడ బ్యాటరీ తొందరగా దిగుతుంది. 5000 ఎంఏహెచ్ కంటే తక్కువది తీసుకోకండి.

రెండు సిమ్‌ల సౌకర్యం తప్పనిసరి. ఇంట్లో ఒక కంపెనీ, పొలం దగ్గర ఇంకో కంపెనీ అందే ఊళ్లు మనవైపు చాలా. కొన్ని ఫోన్లలో ఒక సిమ్‌కు సిగ్నల్ లేనప్పుడు ఇంకో సిమ్ డేటా మీదుగా దాని కాల్ మోగే ఏర్పాటు ఉంటుంది. సిమ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కాలింగ్ లాంటి పేరుతో కనిపిస్తుంది. ఉంటే అది పెద్ద వరమే.

పెద్దవాళ్లకు మాటలు తప్ప ఇంకేమీ అక్కర్లేదంటే స్మార్ట్‌ఫోన్ కోసం పట్టుపట్టకండి. "కీప్యాడ్ ఫోన్‌కే సిగ్నల్ బాగా వస్తుంది" అనే మాటలో నిజం ఉంది. 900 మెగాహెర్ట్జ్ 2జీలో ఫోన్ 2 వాట్ల దాకా శక్తితో పలుకుతుంది. 4జీలో సాధారణంగా 0.2 వాట్లే. అందుకే అది దూరం పోతుంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లతో ఇది కుదురుతుంది, జియోతో కుదరదు. స్మార్ట్‌ఫోన్లోనే 2జీకి మారాలంటే సెట్టింగ్స్‌లో "2జీని అనుమతించు" అన్నది ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో భద్రత పేరుతో దాన్ని ఆపుకునే వీలుంది, తెలియక ఆపేసినవాళ్లు ఉన్నారు.

పాత ఫోన్ కొంటే: తెర మార్చినది, నీళ్లలో పడ్డది వద్దు. విప్పి బిగించేటప్పుడు యాంటెనా తీగ సరిగ్గా కూర్చోకపోతే బయట అంతా బాగున్నట్టే ఉండి సిగ్నల్ మాత్రం పడిపోతుంది. దొంగ ఫోనేమో కూడా చూసుకోవాలి. *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ను (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), ముందు కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, 14422కు సందేశం పంపితే వివరాలు వస్తాయి.

7. కొనే రోజు

వీలైతే అదే మోడల్ వాడుతున్న బంధువునో, స్నేహితుడినో ఒక పూట ఇంటికి పిలవండి. మీ సిమ్ అందులో వేసి ఐదు చోట్లు కొలవండి. దుకాణంలో చేసే ఏ పరీక్షా దీనికి సాటి రాదు. పట్టణం నడిబొడ్డున ప్రతి ఫోనూ మంచిదే.

వెనక్కి తీసుకునే షరతులు డబ్బు కట్టకముందే అడగండి, బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో చాలాచోట్ల ఫోన్ పాడైతేనే మారుస్తారు, "మా ఇంట్లో సిగ్నల్ రాలేదు" అంటే తీసుకోరు. చెప్పిన షరతు నిలబెట్టుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

వెనక కవర్ కూడా అప్పుడే కొనేస్తారు కదా. లోహపు కవరు, అయస్కాంతపు మూత ఉన్న కవరు వద్దు. మామూలు ప్లాస్టిక్, రబ్బరు కవర్లతో ఇబ్బంది లేదు.

ఎక్కువమంది చేసే తప్పు

సిగ్నల్ బూస్టర్. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకు దొరుకుతోందని కొంటున్నారు. దయచేసి కొనకండి. అనుమతి లేకుండా ఇలాంటి రిపీటర్ (సిగ్నల్‌ను పెంచి మళ్లీ పంపే పరికరం) పెట్టడం చట్టవిరుద్ధం. పైగా అది టవర్‌కు రొద పంపి ఊళ్లో మిగతావాళ్ల ఫోన్లనూ చెడగొడుతుంది. మీ ఇంట్లో మాట బాగుపడిందనుకుంటే నాలుగిళ్ల అవతల ఎవరికో 108 అంబులెన్స్‌కు ఫోన్ కలవకపోవచ్చు. ఫోన్ వెనక అతికించే యాంటెనా స్టిక్కర్లు హాని చేయవు, ఉపయోగమూ లేదు.

దీనికి బదులు చట్టబద్ధమైనది కావాలంటే, సిమ్ వేసే 4జీ రూటర్లలో బయటి యాంటెనా తగిలించుకునే రకం దొరుకుతుంది. యాంటెనా డాబా మీద టవర్ వైపు తిప్పి బిగించి, వైరు కిందికి దింపి, ఇంట్లో వైఫై వాడుకోవచ్చు. వైరు ఎంత పొడవైతే సిగ్నల్ అంత తగ్గుతుంది, కాబట్టి రూటర్‌ను పై గదిలోనే పెట్టండి.

ఇక ఖర్చే వద్దనుకుంటే, ఫోన్‌ను మంచి అంకె వచ్చిన కిటికీలో పెట్టి బ్లూటూత్ హెడ్‌సెట్‌తో వంటింట్లోంచి మాట్లాడవచ్చు. మధ్యలో రాతిగోడ ఒకటే ఉంటే చాలావరకు అందుతుంది.

8. తెచ్చాక ఇలా పరీక్షించండి

మొదటి పరీక్ష వైఫై కాలింగ్‌ది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేయండి. ఏది ముందు అని అడిగితే వైఫై ఎంచుకోండి. ఇప్పుడు ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి. ఈ స్థితిలో ఫోన్ చేయండి, చేయించుకోండి. మోగితే పని అయినట్టే. అలాగే ఉంచి ఏదైనా ఓటీపీ తెప్పించుకోండి. చాలా ఫోన్లలో వస్తుంది, మీదానిలో వస్తుందో లేదో అవసరం పడకముందే తెలియాలి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ తీసేయడం మరవకండి.

రెండోది పది కాల్స్ పరీక్ష. ఊరి బయట ఉన్న ఒకరికి చెప్పి, రెండు రోజుల్లో వేర్వేరు వేళల్లో పదిసార్లు ఫోన్ చేయించండి. ఎప్పుడు చేస్తారో మీకు చెప్పకూడదు. ఫోన్ రోజూ ఎక్కడ పెడతారో అక్కడే ఉండాలి. పదికి తొమ్మిది మోగాలి. ఏడు మోగితే చోటు మార్చి మళ్లీ చూడండి. ఐదే మోగితే మూడో మెట్టుకు వెళ్లి ఇంకో సిమ్‌తో కొలవండి.

మాట మధ్యలో తెగే సమస్య ఉంటే, కాల్‌లో ఉండగానే వంటింట్లోంచి వాకిట్లోకి, అక్కడినుంచి గేటు దాకా నడవండి. వైఫై నుంచి టవర్‌కు మారే చోట తెగుతుంటే, ఆ గడప దగ్గర నిలబడి ఎక్కువసేపు మాట్లాడే అలవాటు మానుకోవడం తప్ప పెద్ద మందు లేదు. ఆ చోట ఫోన్ రెండింటి మధ్య ఊగుతుంది.

మూడోది రాత్రి బ్యాటరీ. పది గంటలకు ఎంత శాతం ఉందో చూసి, ముట్టుకోకుండా పొద్దున ఆరుకు మళ్లీ చూడండి. ఐదారు శాతం దిగితే మామూలే. పదిహేను, ఇరవై దిగితే ఫోన్ రాత్రంతా టవర్ కోసం వెతుకుతోందన్నమాట. 5జీ ఆపి 4జీ మీద పెట్టి మరుసటి రాత్రి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, వాడని రెండో సిమ్ ఏదైనా ఉంటే దాన్ని ఆపి చూడండి. సిగ్నల్ లేని సిమ్ ఒకటి ట్రేలో ఉన్నా ఫోన్ దాని కోసం వెతుకుతూనే ఉంటుంది.

మా అమ్మ ఫోన్‌కు పది కాల్స్ పరీక్షలో తొమ్మిది మోగాయి. పదోది చేసినప్పుడు ఆమె బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది, ఫోన్ ఇంట్లో ఉంది.